వినికిడి చదువు – మన బాలికలు

ఇంటర్మీడియేటు ముగిసిన బాలిక గల ప్రతి యింటను ఏటేటా నడచు చర్చ యొక్కటియే. వైద్యమా, ఇంజనీరింగా? వైద్యమునకు సీటు రాకున్నచో మఱియొక యేడు శిక్షణాలయమునకు పంపుటయా, లేక ఏదో డిగ్రీలో చేర్చి సంబంధములు చూచుటయా? ఈ విషయమై తల్లులు వ్రాయు జాబులు ఈ శీర్షికకు చాల వచ్చుచున్నవి. వాని కన్నిటికిని ఒక్క ప్రత్యుత్తరము చాలదు. కాని యీ దారుల నడుమ వేఱొక దారి కలదనియు, అది అర్ధశతాబ్దికి మించి మన పొరుగుననే యున్నదనియు, మనలో చాలమంది దాని పేరైనను వినలేదనియు తెలుపుట యీ మాసమున మా యుద్దేశము. అది వినికిడిని గూర్చియు మాటను గూర్చియు విశ్వవిద్యాలయములలో నేర్పు శాస్త్రము. వినికిడి శాఖకు ఆడియాలజీ యనియు, మాట శాఖకు స్పీచ్ పేథాలజీ యనియు పేర్లు.

ఈ చదువు లోకమునకు చేసినదేమో తెలిసినగాని దాని యుద్యోగముల మాట రుచింపదు. కావున ముందు మన యింటినుండియే మొదలు పెట్టుదము.

బిడ్డకు మాట రాకున్న మన పెద్దలు చేయు మొదటి పని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాచుట. గలగల మాటలాడు పిల్లను చూచి, "దీనికి వస యెక్కువ పోసినారమ్మా" యని నవ్వుకొనుటయు మనకు వాడుకయే. వస పోసిన పిదపను మాట రాకున్నచో, "వాని మేనమామకును నాలుగేండ్లకుగాని మాట రాలేదు, తొందర యెందుకు?" అని యొక యోదార్పు. ఈ మాట పలికిన యవ్వకు మనుమనిపై ప్రేమ లేక కాదు. ఆ నాలుగేండ్లలో పోవునది యెంతయో ఆమెకు చెప్పినవారు లేరు. మాట రాని బిడ్డకు లోపము తఱచు చెవిలో నుండును. ఒక్కొక్కప్పుడు బుద్ధి వికసించు తీరులో నుండును. నాలుకలో నుండుట మిక్కిలి యరుదు. విననిమాటను బిడ్డ యెట్లు పలుకగలదు?

ఇందు మఱియొక మోసము కలదు. పుట్టు చెవిటి బిడ్డయు ఏడ్చును, నవ్వును, మొదటి నెలలలో ఇతర శిశువులవలెనే ఊ కొట్టును. దానిని చూచి యింటివారు నిశ్చింతగా నుందురు. ఆఱేడు నెలలు దాటిన పిదప వినికిడిగల బిడ్డ 'బాబా', 'తాతా' యని అక్షరములు పేర్చుట మొదలిడును. వినని బిడ్డ గొంతు నానాటికి సన్నగిలిపోవును. పరీక్షించుచున్నామని మనము బిడ్డ యెదుట చప్పట్లు చఱతుము. అప్పుడు వాడు చూచునది మన చేతులను. తలుపు దడాలున వేసినచో నేల యదరును. ఆ యదురు వానికి తెలియును. "చూచినావా, ఉలికిపడినాడు, చెవులు బాగుగనే యున్నవి" యని తీర్మానింతుము. ఇట్లు రెండు మూడేండ్లు గడచిపోవును. పెక్కు దేశముల లెక్కలనుబట్టి, వేయి జననములలో ఒకరు మొదలు ముగ్గురు వఱకు శిశువులు గట్టి చెవిటితనముతో పుట్టుచున్నారు. మన జిల్లా వైద్యశాలలలో ఏడాదికి జరుగు కాన్పుల సంఖ్యను తలచుకొన్నచో ఇది చిన్న లెక్క కాదు.

ఈ కాలయాపనను మాన్పుటకు మొదట నడుము కట్టినవారిలో ఒక గృహిణి యున్నది. అమెరికా దేశమున మేరియన్ డౌన్స్ అను నామె బిడ్డలను పెంచి, వారు బడికి పోవుచుండగా తాను మఱల చదువుకొనవలెనని డెన్వరు విశ్వవిద్యాలయమునకు పోయెను. పేర్లు వ్రాసికొను బల్లలయొద్ద వరుసలు బారులు తీరి యున్నవట. అన్నిటికంటె పొట్టి వరుస యెక్కడ నున్నదో చూచి యందు నిలిచెను. అది మాట వినికిడుల శాస్త్రపు వరుస! ఆమెయే తఱువాత ఈ కథను నవ్వుచు చెప్పెడిది. 1960 తఱువాతి సంవత్సరములలో ఆమె డెన్వరు వైద్యశాలలలో అప్పుడే పుట్టిన శిశువులకు చప్పుడు వినిపించి, కనురెప్పల కదలికను, ఉలికిపాటును గుర్తింపజేసెను. పలువురు వైద్యులు నమ్మలేదు. ఆమె ప్రేరణచేతనే 1969 లో ఏర్పడిన నిపుణుల సంఘము గూడ, ఈ పద్ధతి యింకను నిలకడ గలది కాదని 1970 లో తేల్చెను. ఆమె విడిచిపెట్టలేదు. 1993 లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చిన నిపుణుల సభ శిశువులందఱకును వినికిడి పరీక్ష జరుగవలెనని చెప్పునాటికి ఆమెకు డెబ్బదితొమ్మిదేండ్లు. నూఱేండ్లు నిండి 2014 లో మరణించెను.

నడుమ ఒక యంత్రము కలిసివచ్చినది. చెవి వినుటయేగాక తానును సన్నని ధ్వనిని వెలువరించునని 1978 లో లండనులో డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. లోపలి చెవిలో కంటికి కనబడనంతటి రోమకణములు గలవు. అవి ఆరోగ్యముగా నున్నచో, బయటినుండి టక్కుమను చిఱు శబ్దము పంపగానే తామును కదలి ప్రతిధ్వనివంటి దానిని తిరిగి పంపును. శిశువు పాలు త్రాగి నిద్రించుచుండగా చెవిలో మెత్తని బిరడా వంటిది యుంచి, ఆ ప్రతిధ్వని వచ్చుచున్నదో లేదో కొన్ని నిమిషములలో చూడవచ్చును. బిడ్డకు నొప్పి లేదు, సూదిపోటు లేదు. మొదటిసారి ప్రతిధ్వని రాలేదన్నంత మాత్రమున గుండెలు బాదుకొనవలసిన పని లేదు. పుట్టినప్పటి జిడ్డు చెవిదారిలో నిలిచియున్నను, మధ్య చెవిలో ద్రవమున్నను అట్లు జరుగును. మఱల పరీక్షించి, అప్పటికిని సందేహమున్నచో, శబ్దమునకు మెదడు ప్రత్యుత్తరమిచ్చుచున్నదో లేదో చూచు వేఱొక పరీక్ష చేయుదురు.

మఱి ఇంత పసితనముననే తెలిసికొన్నందున ఫలమేమి? దీనికి సమాధానము ఒక విశ్వవిద్యాలయ శాఖనుండియే వచ్చినది. కొలరాడో విశ్వవిద్యాలయమున వాక్ శ్రవణ శాస్త్రముల శాఖలో ఆచార్యిణియగు క్రిస్టీన్ యోషినాగా-ఇటానో, ఆమె సహచరులును 150 మంది వినికిడి లోపముగల పిల్లలను పరిశీలించి 1998 లో తమ ఫలితములను ప్రకటించిరి. వారిలో 72 మందికి లోపము ఆఱు నెలలలోపలనే తెలిసినది. 78 మందికి ఆ తఱువాత తెలిసినది. ముందు తెలిసి, వెంటనే సాయము పొందిన పిల్లలకు భాష స్పష్టముగ హెచ్చుగా నబ్బినది. తల్లిదండ్రుల కలిమిలేములుగాని, చెవుడు కొంచెమా యధికమా యనుటగాని ఈ తేడాను మాపలేదు. మాటలతో పెరిగిన పిల్లలయందును, హస్తభాషతో పెరిగిన పిల్లలయందును ఇదియే కనబడినది. ఈ కడపటి సంగతి మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. హస్తభాష సైగల మూట గాదు, వ్యాకరణముగల పూర్ణభాష. బిడ్డకు ఏదో యొక భాష కాలము మించకుండ అందవలెను. నెల లోపల మొదటి పరీక్ష, మూడు నెలల లోపల నిర్ణయము, ఆఱు నెలల లోపల చికిత్సయు శిక్షణయు – నిపుణులు పెట్టిన గడువు ఇది.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. మైసూరు నగరమున మానసగంగోత్రి ప్రాంతమున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కలదు. ఇది 1965 లో మొదలై, 1966 లో ఇప్పటి పేరు పొందినది. దీని భవనమునకు 1966 లో శంకుస్థాపన చేసినవారు నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణపండితులు. ఆయన పూర్వము మైసూరులో తత్త్వశాస్త్ర ఆచార్యులుగను, పిదప మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను ఉండినవారేగదా. సంస్థ కేంద్ర ఆరోగ్యశాఖ క్రిందిది. డిగ్రీల నిచ్చునది మైసూరు విశ్వవిద్యాలయము. విజయలక్ష్మీ బసవరాజ్, ఎస్. ఆర్. సావిత్రి, ఎం. పుష్పావతి యను విదుషీమణులు వరుసగా దీనికి డైరెక్టరులుగా పనిచేసిరి. స్త్రీలకు ఉన్నతపదవి దొరకునా యని సంశయించు తల్లులకు ఈ మూడు పేర్లు చాలును.

అచ్చట బడియీడు రాని చెవిటి పిల్లలకై యొక పాఠశాల నడపుచున్నారు. దానిలో విశేషమేమనగా, బిడ్డతోపాటు తల్లియు కూర్చుండి నేర్చికొనవలెను. పంతులమ్మ బిడ్డను చూచునది దినమునకు కొద్ది గంటలు మాత్రమే. స్నానము చేయించునప్పుడు, అన్నము తినిపించునప్పుడు, వీధిలో ఆవును చూపునప్పుడు మాట పలుకవలసినది తల్లియే. మధ్యతరగతి యిల్లాలు మైసూరులో గది యద్దెకు తీసికొని, భర్తను, తక్కిన పిల్లలను ఇంటియొద్ద విడిచి, నెలల తరబడి ఇట్లుండుట యెంతటి కష్టమో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇట్టి శిక్షణ మన జిల్లాలలోనే దొరకినచో ఆమె కీ ప్రవాసము తప్పును. దొరకకుండుటకు యంత్రముల కొఱత యొక్కటియే కారణము గాదు. నేర్పు మనుష్యుల కొఱతయే పెద్దది. అందును తెలుగున నేర్పువారు కావలెను.

తెలుగే యెందులకని కొందఱడుగవచ్చును. ఒక యుదాహరణము చెప్పెదము. ఎవరికైనను వినికిడిని కొలుచునప్పుడు యంత్రపు కూతలు చాలవు. చిన్న మాటలు వినిపించి, మఱల పలికించి, ఎన్ని సరిగా పట్టుకొన్నారో లెక్కింపవలెను. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు 1966 లో ఇందుకై ఏబదేసి మాటల పట్టికలు కూర్చిరి. అవి లోకమెల్ల వాడుకలోనికి వచ్చినవి. ఆ మాట లన్నియు ఏకాక్షరములు, అనగా ఒక్క నోటి విసురుతో ముగియునవి. మన తెలుగున అట్టి మాటలు ఎన్ని యున్నవి? మన మాటలు రెండు మూడు అక్షరములు గలిగి, చాలవఱకు అచ్చుతో ముగియును. మనకు 'వడ' వేఱు, 'వాడ' వేఱు. 'కల' వేఱు, 'కల్ల' వేఱు. దీర్ఘమును, ద్విత్వమును చెవి పట్టుకొనుచున్నదో లేదో ఆంగ్లపు పట్టిక చెప్పజాలదు. దానిని అనువదించినను పని జరుగదు. తెలుగు మాటలతో, తెలుగు పలుకుబడి నెఱిగినవారే క్రొత్తగా కూర్చవలెను. అట్లే పెదవుల కదలికను చూచి మాట గ్రహించు పిల్లకు 'పాప', 'మామ' ఒక్కతీరుగనే కనబడును. అద్దము ముందు నిలిచి మీరే పలికి చూడుడు. ఇట్టి చిక్కులు ఏ మాటలలో వచ్చునో, వానిని సందర్భముచే నెట్లు విడదీయవలెనో, కోస్తా పలుకుబడికిని తెలంగాణ పలుకుబడికిని తేడా యెక్కడ వచ్చునో తెలిసికొనుటకు మన యింట పుట్టి పెరిగిన బాలికకున్న యోగ్యత పొరుగు దేశపు పండితునకు గూడ లేదు.

కాక్లియర్ ఇంప్లాంటు అను శస్త్రచికిత్సను గూర్చి చాలమంది వినియే యుందురు. లోపలి చెవిలో సన్నని తీగ నమర్చి, శబ్దమును విద్యుత్తుగా మార్చి నరమున కందించుట దాని పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద ఎందఱో పేదబిడ్డలకు ఈ చికిత్స జరిగినది. లక్షల రూపాయల వ్యయమును ప్రభుత్వము భరించుట గొప్ప మేలే. కాని చికిత్స జరిగిన మఱునాటినుండి బిడ్డ మాటలాడునని తలచి నిరాశ చెందిన తల్లులున్నారు. ఆ దినమున బిడ్డ చెవి క్రొత్తగా పుట్టినట్లు. ఏది కుక్క యఱుపో, ఏది అమ్మ పిలుపో యొక్కొక్కటిగా నేర్పవలెను. సంవత్సరములు పట్టును. యంత్రపు బయటి భాగము పాతబడినప్పుడు బాగుచేయుటయు, మార్చుటయు ఖర్చుతో గూడిన పని. ఈ సంగతులు చికిత్సకు ముందుగనే యడిగి తెలిసికొనుట మంచిది. శిక్షణ నిచ్చువారు ఊరికి దగ్గఱలో లేనందున తల్లి మానివేసినచో, అంత వ్యయమును అంత యాశయు వృథా యగును.

ఇక చెప్పుటకు కొంచెము సంకోచము గలిగించు విషయమొకటి. మేనరికములు మనకు ప్రియములు. మేనమామకో, మేనబావకో ఇచ్చినచో పిల్ల కన్నులయెదుట నుండునని, ఆస్తి కదలదని మన నమ్మకము. పుట్టుచెవుడులో సగమునకు పైగా వంశమునుబట్టి వచ్చునదే. అందు హెచ్చు భాగము, తల్లియు తండ్రియు తాము చక్కగ వినుచునే, ఒకే లోపపు జన్యువును దాచుకొనియుండి బిడ్డకు చెఱి యొకటి యిచ్చినప్పుడు కలుగును. దగ్గఱి చుట్టముల యందు అట్టి జన్యువు ఇరువురిలోను ఉండుటకు అవకాశ మెక్కువ. మేనరికములన్నియు కీడు చేయునని మే మనుట లేదు. చేసికొనినవారిలో చాలమందికి ఆరోగ్యముగల బిడ్డలే పుట్టుచున్నారు. కాని వంశమున పుట్టుచెవిటివారొక్క రున్నను, ముహూర్తము పెట్టుటకు ముందు జన్యువైద్యుల సలహా పొందుట జాతకము చూపించుటకంటె నావశ్యకము.

తక్కిన కారణములలో మాన్పదగినవి చాల గలవు. పిల్లలయందలి చెవిటితనములో నూటికి సుమారు అఱువది పాళ్లు నివారింపదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. గర్భిణికి వచ్చు రూబెల్లా జ్వరము, పుట్టిన శిశువునకు ముదిరిన కామెర్లు, మెదడుపొరల వాపు, వైద్యుని యదుపు లేక వాడిన కొన్ని సూదిమందులు, ఏండ్ల తరబడి కారు చెవి – ఇవి ముఖ్యములు. రూబెల్లాకు టీకా కలదు. 2017 నుండి మన దేశమున దానిని విరివిగా వేయుచున్నారు. తలంటి పోయునప్పుడు శిశువు చెవిలో నూనె పిండు వాడుకను మాత్రము ఈ దినమే మానుడు.

ఆడపిల్ల విషయమున మఱియొక బాధ గలదు. లోపము తెలిసినను బయటపడనీయరు. చెవియంత్రము పెట్టినచో నలుగురికి తెలియును, రేపు పెండ్లి కాదని భయము. జడ వేసి చెవులు కప్పి, "సిగ్గరి, మాటలాడదు" అని చెప్పుకొందురు. ఆ సిగ్గు పేర ఆ పిల్లకు చదువు పోవును, మాట పోవును, తన బాధ తాను చెప్పుకొను శక్తియు పోవును. పెండ్లికొఱకు దాచినదానివలన పెండ్లి కుదిరినను, అత్తింట దాగునది యెన్నాళ్లు? కంటికి అద్దములు పెట్టుకొన్న పిల్లకు సంబంధములు రావని యొకప్పుడు జడిసిన మనమే నేడు దానిని పాటించుట లేదు. చెవియంత్రమునకు గూడ ఆ దినము తెచ్చుట మన చేతిలోని పని.

చదువు సంగతి. వాక్ శ్రవణ శాస్త్రముల డిగ్రీ నాలుగేండ్లది. ఇందులో ఒక యేడు వైద్యశాలలలో పని నేర్చుట. ఇంటర్మీడియేటులో భౌతిక రసాయనశాస్త్రములు చదివి, వానితో జీవశాస్త్రముగాని గణితముగాని చదివియుండవలెను. కావున గణితము తీసికొన్న బాలికలకును ద్వారము మూయబడలేదు. మైసూరు సంస్థకు ప్రవేశపరీక్ష గలదు. సికిందరాబాదున మనోవికాసనగరములో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రమున్నది. బొంబాయిలో 1983 లో నెలకొన్న ఆ సంస్థకు పేరిచ్చిన ఆయన మన హైదరాబాదువాడే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. చేర్చుటకు ముందు ఆ కళాశాలకు భారత పునరావాస మండలి గుర్తింపు కలదో లేదో తప్పక విచారింపుడు. 1992 నాటి చట్టముప్రకారము ఆ మండలిలో పేరు నమోదు కానివారు ఈ వృత్తి చేయరాదు. గుర్తింపులేని చోట రుసుములు కట్టి మోసపోయినవారు ఏ విద్యలోనైన ఉన్నారు.

చదివినవారికి పెద్ద వైద్యశాలలలోను, ప్రత్యేక పాఠశాలలలోను, 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో పెట్టిన శీఘ్ర చికిత్సా కేంద్రములలోను పని గలదు. పక్షవాతమున మాట పోయినవారికి, గ్రహణపు మొఱ్ఱితో పుట్టిన బిడ్డలకు, గొంతు పోగొట్టుకొన్న ఉపాధ్యాయులకు గూడ వీరే దిక్కు. ఇంటిలో నొక గది విడిచి సొంతముగ చికిత్స నడపుకొనుచు సంసారము చక్కబెట్టుకొను స్త్రీలున్నారు. మొదటి యేండ్లలో జీతము వైద్యునితో పోల్చదగినది కాదు. ఒక్క మాటను నూఱు సార్లు పలికించు ఓర్పు లేని పిల్లకు ఈ పని పడదు. ఈ రెండును ముందే చెప్పి, పిల్ల యిష్టము నామెనే యడుగుడు. పరిశోధన చేయగోరువారికి ఎం. ఎస్‌సి., పి.హెచ్.డి. వఱకు దారి యున్నది. తెలుగు పిల్లల మాట యే నెలలో నెంత వచ్చును, ఏ యక్షరము ముందు, ఏది వెనుక అను విషయమున చేయవలసిన పని యింకను ఎంతో మిగిలియున్నది.

ఇంట పసిబిడ్డ గలవారు ఈ లోపల నొక పని చేయవచ్చును. బిడ్డ మెలకువగా, నెమ్మదిగా నున్నప్పుడు, తన కన్నుల బడకుండ వెనుక నిలిచి, నేలను తాకక, మెల్లని గొంతుతో పిలువుడు, గిలక యాడింపుడు. మూడు నెలల బిడ్డ మీ గొంతు విని యూరకుండవలెను. ఆఱు నెలల బిడ్డ తల త్రిప్పవలెను. ఏడాది బిడ్డ తన పేరునకు పలుకవలెను. ఒకమాఱు కాదు, వేఱువేఱు దినములలో చూడుడు. సందేహమున్నచో వస కొఱకు గాక వైద్యశాలకు పొండు. ఇంటి పరీక్షలో నెగ్గినను యంత్రపు పరీక్ష చేయించుట మేలు. ఒక చెవి మాత్రమే వినని బిడ్డ ఇంటిలో దొరకడు.

నత్తిగల పిల్లలను గూర్చి ముగ్గురు సోదరీమణులు అడిగియున్నారు. దానిని వచ్చు మాసమున వ్రాసెదము. అంతవఱకు వారిని "నిదానముగ మాటలాడు" అని అదలింపక, వారు చెప్పునది ముగియువఱకు వినుచుండుడు.